పడిగె చదివే గొంతు

గోదావరికి అటూ ఇటూ ఉన్న కోయగూడేల్లో ఒక్కో వంశానికి ఒక్కో ఇలవేల్పు ఉంటుంది. ఆ వేల్పుకు ఒక పడిగె ఉంటుంది. పడిగె అంటే పొడుగాటి మూడు మూలల గుడ్డ. గుడ్డముక్కలు కత్తిరించి కుట్టిన బొమ్మలో, రంగుతో దిద్దిన బొమ్మలో దాని మీద వరుసగా ఉంటాయి. మనుషులు, జంతువులు, చెట్టూ చేమా కనిపిస్తాయి. చాలాకాలం అది చుట్టగానే ఉంటుంది. కొలుపు రోజున బయటికి తీసి, వెదురుకు కట్టి ఎత్తుతారు. డోలు మోగుతుంది. అప్పుడు డోలు వాయిస్తూ కథ చెప్పే డోలీ కథ ఎత్తుకుంటాడు: ఈ వంశం ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరితో కలిసి నడిచారు, ఏ వాగు దాటారు, ఎక్కడ నెత్తురు చిందింది, ఏ ఇంటిపేరు ఏ గట్టులో చేరింది.

గట్టు అన్న మాట కోయల లెక్కలో చాలా బరువైనది. మూడో గట్టు మొదలు ఏడో గట్టు దాకా వాళ్ల వంశాల విభజన ఉంది. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ముల వరస, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. పిల్లను ఎక్కడ ఇవ్వాలి, ఎక్కడ తెచ్చుకోవాలి, చావు కబురు ఎవరికి పంపాలి, కొలుపులో ముందు ఎవరు నిలబడాలి అన్నవన్నీ ఆ లెక్కను బట్టే తేలతాయి. కాబట్టి పడిగెను కేవలం బొమ్మల గుడ్డ అనుకోవడం పొరపాటు. అది వంశానికి పుట్టుక పత్రం, హక్కు పత్రం, చరిత్ర పుస్తకం. అయితే ఆ పత్రానికి అక్షరాలతో పని లేదు. దాన్ని చదవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి డోలీ. పడిగె ఒకరి దగ్గర, దాని చదువు ఇంకొకరి దగ్గర ఉండటం ఈ ఏర్పాటులోని అసలు విశేషం. వేల్పును కాపాడే కుటుంబం గుడ్డను దాస్తుంది, డోలీ కుటుంబం మాటను దాస్తుంది. రెండూ కలిసిన రోజునే సాక్ష్యం పూర్తవుతుంది.

మేడారం వెళ్లినవారికి పడిగె అన్న మాట కొత్త కాదు. రెండేళ్లకోసారి జరిగే జాతరకు సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో వస్తే, ఆమె భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి పడిగె రూపంలో వస్తాడు. పెనక వంశంవాళ్లు దాన్ని అడవిదారిన నడిచి తెస్తారు. లక్షల జనం మొక్కే ఆ గుడ్డలో ఒక కథ ఉందని, ఆ కథను చెప్పగలిగే గొంతులు కొన్నే మిగిలాయని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

ఈ పడిగెను సరిగా అర్థం చేసుకోవడానికి నేను చాలా దూరం పోవాల్సి వచ్చింది. మన చుట్టూ ఉన్న పత్రాలతో పోలిస్తే అది అంతుపట్టదు. పట్టాదారు పాసుపుస్తకంతో పోల్చినా, డిగ్రీ పట్టాతో పోల్చినా ఏదో ఒకచోట తేడా కొడుతుంది. దానికి దగ్గరి చుట్టం జపానులో కనిపించింది.

జపానులో కత్తివిద్య, నోహ్ నాటకం, తేనీటి విద్య, పూల అమరిక వంటి పాత కళల్లో గురువు శిష్యుడికి పత్రం ఇవ్వడం వందల ఏళ్లుగా ఉంది. పత్రాల్లో మెట్లుంటాయి. మొదటివాటిలో ఒకదాన్ని మొకురోకు అంటారు. ఆ మాటకు జాబితా అని అర్థం. తరవాత మెన్‌క్యో, అంటే అనుమతి. చివర మెన్‌క్యో కైదెన్, అంటే ఆ సంప్రదాయంలో అందజేయాల్సినదంతా అందిందని చెప్పే పత్రం. కోజో చెట్టు నారతో చేసిన కాగితం, మసితో చేసిన సిరా, కుంచెతో రాసిన నిలువు వరుసలు, చివర ఎర్రటి ముద్ర, దాని పక్కన గురువు తన పేరును గీతల్లోకి మార్చి పెట్టుకున్న ప్రత్యేకమైన చేవ్రాలు. కొన్ని మడత కాగితాలు, కొన్ని పట్టు అంచు వేసి చుట్టిన పొడవాటి చుట్టలు. చూడగానే ఇవి అందంగా ఉంటాయి. ఆ అందానికి ఒక కారణం ఉంది. యంత్రం అచ్చువేసినవి కావు అవి. గురువు చేతి వణుకు, ఒత్తిడి, సిరా ఆరిన తీరు అందులో ఉంటాయి. శిష్యుడికి ఆ చేయి తెలుసు. ఏళ్ల తరబడి తనను సరిదిద్దిన చేయి అది.

ఆ చుట్టను విప్పితే లోపల రెండు సంగతులు ముఖ్యంగా కనిపిస్తాయి. మొదటిది పేర్ల వరుస. సంప్రదాయాన్ని మొదలుపెట్టినవాడి పేరుతో మొదలై, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక్కొక్కరే కిందికి దిగి, చివర పత్రం ఇచ్చినవాడి పేరు, తీసుకున్నవాడి పేరు. అంటే శిష్యుడి పేరు ఒంటరిగా ఉండదు, తాతముత్తాతల పక్కన నిలబడుతుంది. రెండోది విద్యలోని అంశాల జాబితా. కత్తివిద్య అయితే దెబ్బల పేర్లు, అడుగుల పేర్లు. పేర్లు మాత్రమే. ఎలా వేయాలో రాయరు. చాలాచోట్ల ఆ పేరు పక్కన కుదెన్ అని రెండు అక్షరాలు ఉంటాయి. నోటి ద్వారా అందజేయాల్సింది అని దాని భావం.

1601లో యాగ్యూ సెకిషూసాయి అనే కత్తివిద్యా గురువు ఒక చుట్టను రాసి ఇచ్చాడు. ఆయన నారా పట్నానికి దగ్గర్లోని యాగ్యూ అనే కొండపల్లె దొర. 1565లో తన గురువు కామిఇజుమి నోబుత్సునా నుంచి షిన్‌కాగే సంప్రదాయపు గుర్తింపు పొందినవాడు. సెకిషూసాయి కొడుకు మునెనోరి తరవాత తోకుగావా షోగునులకు కత్తి నేర్పాడు. అయితే ఈ 1601 నాటి చుట్టను అందుకున్నది సైనికుడు కాదు. నోహ్ నటుడు, కొంపారు ఉజికాత్సు. నాటక కుటుంబంవాడికి కత్తి గురువు తన విద్య జాబితాను బొమ్మలతో ఇచ్చాడు. కత్తులు పట్టి ఎదురెదురుగా నిలబడిన ఆకారాలు అందులో ఉన్నాయి. వాటిలో కొన్ని తెంగులు, అంటే జపాను కథల్లోని పొడుగు ముక్కు కొండభూతాలు. ప్రతి బొమ్మకూ ఒక పేరు. వివరణ దాదాపు లేదు. నేర్చుకున్నవాడికి ఆ బొమ్మ చూస్తే ఒళ్లంతా గుర్తుకొస్తుంది. నేర్చుకోనివాడు జీవితాంతం చూసినా అది బొమ్మగానే మిగులుతుంది.

పడిగెకు ఇంతకన్నా దగ్గరి చుట్టాన్ని నేను చూడలేదు. గుడ్డ మీద వరసగా బొమ్మలు, పూర్వీకుల వరుస, చెప్పేవాడి నోట్లోనే ఉన్న అర్థం. రెండు దేశాలవాళ్లు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే ఏర్పాటుకు వచ్చారు. రాయాల్సినది కొంతే రాసి, మిగిలినది కావాలనే మనిషికి వదిలిపెట్టారు. రాయడం చేతకాక వదిలారని అనుకోకూడదు. యాగ్యూ దొరకు రాయడం బాగా వచ్చు. విద్య పత్రంలోకి పూర్తిగా ఎక్కితే పత్రం దొంగిలించినవాడిదే విద్య అవుతుంది. మనిషిలో ఉంటే, ఆ మనిషి దగ్గరికి నడిచి వచ్చి, అతనికి అన్నం పెట్టి, అతను చెప్పినంతసేపు కూర్చున్నవాడికే అందుతుంది.

పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. జపాను పత్రం ఒక వ్యక్తికి, అతను నేర్చినదానికి. పడిగె ఒక వంశం మొత్తానిది, ఎవరూ దాన్ని పరీక్ష రాసి గెలుచుకోరు. డోలీకి కూడా కొడుకు నేర్చాక చేతిలో పెట్టే కాగితం లేదు. తండ్రి పక్కన తాళం పట్టి, వంత పాడి, ఏదో ఒకరోజు తండ్రి గొంతు అలిసినచోట అందుకుని ముందుకు నడిపిస్తాడు. వింటున్న గూడెం ఊ కొడితే అదే అతని మెన్‌క్యో.

తేనీటి విద్యలో ఇంకో సున్నితమైన సంగతి ఉంది. ఉరాసెన్‌కే వంటి ఇళ్లలో ఇచ్చే పత్రాన్ని క్యోజో అంటారు. దాన్ని మన సర్టిఫికెట్టులా నేర్చుకోవడం అయిపోయిందని చెప్పే కాగితంగా చూడకూడదు. ఫలానా దశను ఇప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు అన్న అనుమతి అది. ముగింపు ముద్ర కాదు, గడప. చదువు ఎక్కడ ముగిసిందో చెప్పే పత్రాలతో నిండిన మన ఇళ్ల గోడలను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అలాగని ఆ వ్యవస్థను ఆకాశానికెత్తడం న్యాయం కాదు. పద్దెనిమిదో శతాబ్దం నాటికి ఇఎమోతో, అంటే సంప్రదాయపు మూలగృహం, పత్రాలిచ్చే హక్కును తన చేతిలోనే ఉంచుకునే పద్ధతి బలపడింది. ప్రతి పత్రానికీ రుసుము. పట్నాల్లో వర్తకుల పిల్లలు, అమ్మాయిలు తేనీరు, పూలు, పాట నేర్చుకుంటున్న కొద్దీ మూలగృహం ఖజానా నిండింది. కొన్నిచోట్ల విద్యకన్నా పత్రమే ఎక్కువ అమ్ముడుపోయింది. 1883లో కానో జిగోరో తన జూడో శిష్యులకు దాన్ అనే మెట్లు పెట్టినప్పుడు, పాత పత్రాల మధ్య ఏళ్ల దూరం శిష్యుణ్ని నిరాశపరుస్తోందన్న ఆలోచన ఉంది. పాత పద్ధతి తెలియనివాడు కాదాయన. ఆ ఏడాదే కితో సంప్రదాయంలో తాను మెన్‌క్యో అందుకున్నాడు. ఈనాడు ఖమ్మంలోనూ కొత్తగూడెంలోనూ కరాటే తరగతికి వెళ్లే పిల్లవాడి నడుముకు కట్టే రంగుల పట్టీ, గోడకు తగిలించే కాగితం ఆ మలుపు నుంచి పుట్టినవే. ఆ కాగితం మీద పేర్ల వరుస ఉండదు. నోటి ద్వారా అన్న రెండక్షరాలూ ఉండవు.

ఇక అడవికి వద్దాం. పడిగె ఉన్న ఈ అడవిలోకే ఇంకోరకం పత్రం కూడా వచ్చింది. దాని పేరు సనదు.

అరబ్బీలో సనదు అంటే ఆనుకునేది, ఆధారం. ఇస్లాం పండితుల వాడుకలో ఆ మాటకు గొప్ప అర్థముంది. ప్రవక్త చెప్పిన ఒక మాట ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి, అక్కడి నుంచి ఇంకెవరికి చేరిందో చెప్పే పేర్ల వరుసను సనదు అంటారు. వరుసలో ఒక్క లంకె తెగినా ఆ మాట బలం తగ్గిపోతుంది. అంటే యాగ్యూ చుట్టలోని పేర్ల వరుస, డోలీ నోట్లోని వంశాల వరుస, సనదు అన్న మాట మొదటి అర్థం, మూడూ ఒక్కటే. అదే మాట రాజ్యాల చేతుల్లో పడి హుకుం అయింది. పైవాడు కిందివాడికి రాసిచ్చే కాగితం అయింది. ముందటి పేర్లన్నీ రాలిపోయి ఇచ్చినవాడి ముద్ర ఒక్కటే మిగిలింది.

గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని 1860 ఒప్పందంతో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. కొన్నాళ్లు అది సెంట్రల్ ప్రావిన్సుల కింద, ఎగువ గోదావరి జిల్లాలో ఉంది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఊరు కదలలేదు, చెట్టు కదలలేదు, పాలన మారింది. ఆ మార్పుకు రేకపల్లి కొండల్లో పోడు కొట్టుకునేవాడు వెల చెల్లించాడు. పాత పాలనలో గొడ్డలికి ఇంత అని కట్టే శిస్తు కొత్త పాలనలో ఎకరాల లెక్కకు మారి దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో చెట్టు కొట్టకూడదన్నారు. 1879లో రంప కొండల్లో లేచిన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇదొక పెద్ద కారణం. ఇక్కడ ముందు నిలిచినవాడు అంబుల్ రెడ్డి.

రంప కథ మొత్తం ఒక రకంగా పత్రాల కథే. 1813లో రంపను ఏలే మన్సబుదారుతో ఈస్టిండియా కంపెనీ కుదుర్చుకున్న ఏర్పాటు నుంచి అది మొదలవుతుంది. కొండల్లో కొన్నేసి ఊళ్లను కలిపి ముఠా అనేవారు, దాని పెద్ద ముఠాదారు. ముఠాదారు తాతల నుంచి ఆ కొండకు పెద్ద, అతనికి ఆ సంగతి ఏ కాగితమూ చెప్పనక్కర్లేదు. తిరుగుబాటు అణిగాక మన్సబుదారును తప్పించి, ప్రభుత్వం ముఠాదార్లకు నేరుగా సనదులిచ్చింది. కట్టుబడి శిస్తు చెల్లించాలి, ముఠాలో శాంతి కాపాడాలి, నేరగాళ్లను పట్టి అప్పగించాలి, పోలీసులకు తోడ్పడాలి. తప్పితే సనదు పోతుంది. తాతల నుంచి ఉన్న పెద్దరికం ఆ రోజు నుంచి కాగితం మీద నిలబడింది. ఇచ్చినవాడు తీసుకోగలిగే పెద్దరికం అయిపోయింది. 1969లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఠాలను రద్దు చేసి ఆ భూములను రైత్వారీ కిందికి తెచ్చింది. సనదుల కథ ఒక రెగ్యులేషనుతో ముగిసింది.

పడిగెను అలా రద్దు చేయడం ఎవరి చేతా కాలేదు. ఎందుకంటే ఎవరూ దాన్ని ఇవ్వలేదు.

ఈ ప్రాంతంలో ఇంకో పత్రం ఉంది, తెలుగువాడెవడికీ పరిచయం చేయనక్కర్లేనిది. నేలకొండపల్లిలో పుట్టి పాల్వంచ పరగణాకు తహసీల్దారైన కంచర్ల గోపన్న భద్రాచలంలో రాముడి గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు పోయాడు. రామలక్ష్మణులు తానీషాకు ఆరు లక్షల మాడలు చెల్లించి రసీదు తీసుకున్నారని, ఆ రసీదే గోపన్నను విడిపించిందని కథ. అబుల్ హసన్ తానీషా 1672 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలాడు. అక్కన్న మాదన్నలు అతని దగ్గర మంత్రులుగా ఉన్నారు, గోల్కొండ పత్రాల్లో ఫార్సీ పక్కన తెలుగు కూడా నడిచింది. నా దృష్టి ఆగేది కథలోని ఒక చిన్న సంగతి దగ్గర. సాక్షాత్తూ దేవుడు వచ్చి డబ్బు కట్టినా, చెల్లుచీటీ అడిగి పుచ్చుకున్నాడు. భక్తుడి పదేళ్ల పైచిలుకు వేదనకు, పాటలకు లొంగని సర్కారు చిన్న కాగితానికి లొంగింది. ఈ కథ కట్టినవాళ్లకు దఫ్తరు ఎలా నడుస్తుందో బాగా తెలుసు. రసీదు లేనివాడి మాటను ఎవరూ నమ్మరన్న భయం ఆనాటికే జనం ఎముకల్లో ఉంది.

ఆ భయం కోయగూడేల్లో ఇప్పటికీ ఉంది. షెడ్యూల్డు తెగల జాబితాలో కోయ అన్న పేరుతో పాటు డోలి కోయ, పట్టిడి కోయ, కమ్మర కోయ, రాచ కోయ వంటి పేర్లు అచ్చయి ఉన్నాయి. మండలాఫీసులో ధ్రువపత్రం తీసుకుంటే డోలి కోయ అని రాయించుకోవచ్చు. దానితో చదువులో చోటు దొరుకుతుంది, ఉద్యోగానికి దారి ఏర్పడుతుంది. ఆ కాగితం అవసరం, దాన్ని చిన్నచూపు చూసే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. అయితే డోలీ ఏం మోస్తున్నాడో దానికి తెలియదు. ఆ ఇంట్లో ఎన్ని వంశాల కథలున్నాయో చెప్పే గడి ఆ ఫారంలో లేదు. సరిహద్దుకు ఇవతల ఇంకో దుఃఖముంది. 2005 తరవాత ఛత్తీస్‌గఢ్ నుంచి హింసకు భయపడి వచ్చి, ఖమ్మం, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలకు ఇక్కడ తెగ ధ్రువపత్రం అందడం లేదు. భాష దగ్గరిదే, వేల్పుల తీరు దగ్గరిదే, కాగితం మాత్రం రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతుంది.

కాగితం ఒకేచోట మాటకు తలవంచింది. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో వచ్చిన నియమాల్లో, పోడు భూమి మీద హక్కు రుజువు చేయడానికి ఏమేమి సాక్ష్యాలు చెల్లుతాయో చెప్పే పదమూడో నియమం ఉంది. అందులో ప్రభుత్వ రికార్డులతో పాటు వంశవృక్షానికి చోటిచ్చారు. హక్కు కోరేవాడు కాక ఊరిలోని ఇతర పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టినా సాక్ష్యంగా తీసుకోవచ్చన్నారు. రేకపల్లి పోడు మీద శిస్తు మూడింతలు చేసిన రాజ్యానికి, పెద్దల మాట కూడా రుజువేనని ఒప్పుకోవడానికి నూట ముప్ఫై ఏళ్ల దాకా పట్టింది. 2023 జూన్ చివర తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు నాలుగు లక్షల ఎకరాలకు పైగా భూమి లెక్కలోకి వచ్చింది, అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది. ఎన్ని గ్రామసభల్లో ముసలివాళ్ల మాటను నిజంగా కూర్చుని విన్నారో, ఎన్నిచోట్ల ఉపగ్రహం తీసిన బొమ్మనే చివరి మాటగా పెట్టుకున్నారో, ఆ లెక్క కూడా ఎవరైనా తీయాలి. నియమం పుస్తకంలో ఉండటం ఒక ఎత్తు, ముసలివాడి ఎదుట చాప వేసుకుని కూర్చునే ఓపిక ఇంకో ఎత్తు.

సనదు అన్న మాట 2022లో మళ్లీ ఈ అడవికి వచ్చింది, ఈసారి గౌరవంగా. పద్మ పురస్కారంలో ఒక పతకం, రాష్ట్రపతి సంతకంతో ఒక పత్రం ఉంటాయి. ఆ పత్రానికి అధికారిక పేరు సనదే. ఆ ఏడాది పద్మశ్రీ పొందినవారిలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఉన్నాడు. శబరి గోదావరిలో కలిసే చోట ఉన్న కూనవరం వేరు, ఇది మణుగూరు దగ్గరి ఊరు. రామచంద్రయ్య డోలీ. డోలు వాయిస్తూ, కంచుమేళంతో, సమ్మక్క, పగిడిద్దరాజు, గరికామరాజు వంటి వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ ఏ కాగితం చూడకుండా చెప్పినవాడు. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు వంటివారు కోయ పడిగెలను, వాటి కథలను వెలుగులోకి తెచ్చినప్పుడు, ఆ బొమ్మలకు మాట ఇచ్చినవాళ్లలో రామచంద్రయ్య ముందున్నాడు.

ఎవరూ చదవలేని గుడ్డను చదివినవాడికి రాజ్యం ఒక సనదు ఇచ్చింది. నాకు ఆ సన్నివేశం చాలా విలువైనది. ముఠాదారు సనదు తలవంచినందుకు ఇచ్చింది, ఈ సనదు గుర్తుపెట్టుకున్నందుకు ఇచ్చింది. అరబ్బీ మాట తన మొదటి అర్థానికి, నోటి నుంచి చెవికి వచ్చిన వరుసకు, ఒక్క అడుగు దగ్గరికి వచ్చినట్టే. అయితే ఆ వరుసలోని మిగతా పేర్లు ఆ పత్రంలో లేవు. అతనికి నేర్పినవాళ్ల పేర్లు, వాళ్లకు నేర్పినవాళ్ల పేర్లు లేవు. యాగ్యూ చుట్టలో అయితే అవి ముందు వచ్చేవి.

జపానువాళ్లు ఈ చిక్కును మనకన్నా ముందు గుర్తించారు. 1950లో సాంస్కృతిక సంపద రక్షణ చట్టం చేసి, 1954లో దాన్ని సవరించి, చేతిలోనూ నోట్లోనూ ఉన్న విద్యను కూడా సంపదగా లెక్కించి, ఆ విద్య ఉన్న మనుషులను గుర్తించడం 1955 నుంచి మొదలుపెట్టారు. మనం పద్మ పురస్కారాలు మొదలుపెట్టింది కూడా 1954లోనే. తేడా ఒక్కటే, అది చిన్నది కాదు. అక్కడ గుర్తింపు పొందినవాడికి ఏటా కొంత సొమ్ము ఇస్తారు, అది విద్యను నిలబెట్టి తరవాతివాళ్లకు నేర్పడానికి. గుర్తింపు అతని గతానికీ, వారసుల రేపటికీ కూడా. మన సనదు గతాన్ని గౌరవించి అక్కడే ఆగిపోతుంది. ఇల్లు ఇస్తామంటాం, డబ్బు ఇస్తామంటాం, అవీ కావాలి. నీ పక్కన కూర్చునే ఇద్దరు కుర్రవాళ్లకు మూడేళ్లు అన్నం పెడతాం అన్న మాట మాత్రం ఆ సనదులో కనబడదు.

రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశాడు. అతని సనదు కాగితంగా చెక్కుచెదరదు, పడిగెలు గుడ్డగా మ్యూజియాల్లోనూ వేల్పుల ఇళ్లలోనూ ఉంటాయి. బొమ్మ పక్కన అతని గొంతు లేకపోవడం వేరే సంగతి. కుదెన్ అని రాసిపెట్టిన చుట్టలు జపానులో ఈనాడు కూడా వేలంపాటల్లో దొరుకుతాయి. వాటిని ఇచ్చిన సంప్రదాయాల్లో కొన్ని ఎప్పుడో అంతరించాయి. పేర్లున్నాయి, బొమ్మలున్నాయి, ముద్రలున్నాయి. దెబ్బ ఎలా వేయాలో చెప్పేవాడు లేడు. కొన్నవాళ్లు వాటిని అద్దం వెనక పెట్టుకుంటారు.

భద్రాచలం చుట్టుపక్కల, మణుగూరులో, పినపాకలో, గుండాలలో, గోదావరి అవతల చింతూరు, రేకపల్లి వైపు, ఇంకా డోలు మోగే ఇళ్లున్నాయి. ఖమ్మం, కొత్తగూడెం కాలేజీల్లో తెలుగు, చరిత్ర చెప్పే అధ్యాపకులకు, చదివే పిల్లలకు నా విన్నపం ఇది. పడిగె ఫొటో ఒక్కటే తీసుకుని తిరిగి రాకండి. దాని కింద కూర్చున్నవాడి పేరు, అతనికి నేర్పినవాడి పేరు, ఆ నేర్పినవాడికి నేర్పినవాడి పేరు అడిగి రాసుకోండి. కథ మొదటి నుంచి చివరి దాకా, ఎన్ని రాత్రులు పడితే అన్ని రాత్రులు, కోయలో చెప్పింది కోయలోనే, రికార్డు చేయండి. ఒక నకలు ఆ డోలీ ఇంట్లో ఇచ్చి రండి. మీతో వచ్చిన పిల్లల్లో కోయ పిల్లవాడెవడైనా ఉంటే, అతన్ని ఆ ముసలాయన పక్కన కూర్చోబెట్టి తాళం చేతికివ్వండి.